నడిగదిలోకి వెలుతురు ఎలా తెచ్చానంటే

రాజమండ్రిలో మా ఇంటికి రెండు పక్కలా పొరుగిళ్ల గోడలే. నడిగదిలో పట్టపగలు కూడా లైటు వెయ్యందే అమ్మ బియ్యంలో రాళ్లు ఏరలేకపోయేది.

ఇంజనీరుకి చూపించి, శ్లాబులో రెండడుగుల కన్నం తీయించి పైన అద్దం పెట్టించాను. అది నా పొరపాటే. ఎండ నిట్టనిలువునా దిగి గచ్చు మీద తెల్లటి చదరంలా పడేది. దాన్ని చూసిన కళ్లకు మిగతా గది ఇంకా చీకటిగా అనిపించేది. ఏప్రిల్ వచ్చేసరికి అక్కడ కాలు పెట్టలేకపోయాం.

అప్పుడు అమ్మమ్మ వాళ్ల మండువా ఇల్లు గుర్తొచ్చింది. అక్కడ వసారాలోకి వచ్చేది ఎండ కాదు, నేలకీ గోడలకీ తగిలి మెత్తబడిన వెలుతురు.

అద్దం తీయించేశాను. కన్నం చుట్టూ మూడడుగుల గోడ లేపి, పైన కప్పేసి, ఉత్తరం వైపు మాత్రం అద్దం పెట్టించాను. లోపలంతా తెల్ల సున్నం. మన దగ్గర మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు కాబట్టి, అద్దం మీద చిన్న సన్‌షేడ్ కూడా వేయించాను. ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఇప్పుడు వెలుతురు సున్నం గోడ మీదుగా పల్చబడుతూ కిందికి దిగుతుంది. అమ్మ చేట పట్టుకుని సరిగ్గా దాని కిందే కూర్చుంటోంది.