షెడ్డులో సొంత సర్వీసు – 5వ పాఠం: టబ్బులో ఏం పోయాలి?

పోయిన పాఠంలో బండి పార్టులు కడిగే టబ్బు తయారుచేసుకున్నాం. సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము, అడుగున కూలర్ పంపు, పైన జల్లెడ, పైపు చివర బ్రష్షు. చివర్లో ఒక వాక్యం రాశాను: ఇది నీళ్ల టబ్బు, మండే సరుకేదీ ఇందులో పోయకండి, ఏం పోయాలో వచ్చేసారి చెబుతాను అని. ఆ వాక్యం దాకా ఎవరూ చదివినట్టు లేదు. వచ్చిన ఉత్తరాలు చూస్తే కొందరు పెట్రోలు పోశారు, కొందరు డీజిలు పోశారు, ఒకాయన కాస్టిక్ సోడా కలిపి కార్బ్యురేటర్‌ని (ఇంజనుకి పెట్రోలు, గాలి కలిపి పంపే భాగం) రాత్రంతా నానబెట్టి పొద్దున్నే ఫొటో పంపాడు. అందుకని బేరింగుల పాఠం వెనక్కి జరిపాను. ముందు ఈ గొడవ తేలాలి.

ఆ కార్బ్యురేటర్‌తో మొదలుపెడదాం. బాడీ అంతా నల్లబడింది. ఫ్లోట్ చాంబర్ (లోపల పెట్రోలు నిలిచే గిన్నె) అంచు తడిమితే ఇసుక కాగితంలా గరుకుగా ఉందని రాశాడు. కాస్టిక్ సోడా జిడ్డుని తింటుంది, కాదనను. దాంతోపాటు అల్యూమినియాన్నీ, జింకునీ తింటుంది. కార్బ్యురేటర్ బాడీ పోతపోసేది ఆ లోహాలతోనే. నానబెట్టినప్పుడు బుడగలు బాగా వచ్చాయని, మురికి వదులుతోందని సంబరపడ్డాడట. ఆ బుడగలు హైడ్రోజన్. డబ్బాకి మూత బిగించి ఉంటే మూత ఎగిరిపోయేది, పక్కన బీడీ వెలిగించి ఉంటే ఇంకోటి జరిగేది. గాస్కెట్ (అతుకు దగ్గర కారకుండా పెట్టే పలుచటి పొర) కూర్చునే అంచు ఒకసారి తినేశాక ఎంత రుద్దినా పాత నునుపు రాదు, అక్కడినుంచి పెట్రోలు ఊరుతూనే ఉంటుంది. ఆ బాడీ తుక్కులోకే. పిస్టన్ కూడా అల్యూమినియమే, మీద బొగ్గు పట్టిందని దాన్ని కాస్టిక్‌లో వేయకండి. కాస్టిక్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు కూడా. నా షెడ్డులోకి దాన్ని రానివ్వను. బాత్రూం యాసిడ్‌కీ అదే మాట. దాని ఆవిరికే గోడకి వేలాడే పానాలన్నీ తుప్పు పడతాయి.

ఇక పెట్రోలు.

"ఆటోనగర్‌లో అందరూ పెట్రోలుతోనే కడుగుతారు కదండీ" అని చాలామంది రాశారు. కడుగుతారు. కోసిన క్యాన్‌లో పావు లీటరు పోసుకుని, ఆరుబయట కూర్చుని, పని కాగానే ఎత్తేస్తారు. అదీ మంచి అలవాటేం కాదు. మన పెట్రోల్లో 1 శాతం దాకా బెంజీన్ ఉండొచ్చు. అది క్యాన్సర్ తెచ్చే సరుకు, చర్మం నుంచీ ఊపిరి నుంచీ లోపలికి పోతుంది. అయినా సరే, క్యాన్‌లో పావు లీటరు వేరు, మూత లేని టబ్బులో పదిహేను లీటర్లు పోసి, అందులో కరెంటు పంపు ముంచి, రేకుల షెడ్డులో తలుపు దగ్గరగా వేసుకుని కడగడం వేరు.

దీని మీద నరసరావుపేట నుంచి ఒకాయన వాదన పెట్టుకున్నారు. కూలర్ పంపులో కార్బన్ బ్రష్షులు ఉండవు, బ్రష్షులు లేకపోతే నిప్పురవ్వ రాదు, ఇక భయమేంటి అని. మొదటి ముక్క నిజమే, బ్రష్షులుండవు. కానీ రవ్వ మోటారులోనే పుట్టాలని ఎక్కడుంది? పంపు వేసే స్విచ్చిలో పుడుతుంది, వదులైన ప్లగ్గులో పుడుతుంది. ఆ పంపు ప్లాస్టిక్కు, వైరు తొడుగు, అతుకుల దగ్గర పూసిన బంక, అన్నీ నీళ్లని దృష్టిలో పెట్టుకుని చేసినవి. పెట్రోల్లో ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగులుతాయి. ఆ పగుళ్లలోంచి పెట్రోలు మోటారు లోపలి తీగచుట్ట (వైండింగ్) దాకా చేరుతుంది. పైగా పంపు చల్లగా ఉండేది చుట్టూ ఉన్న నీళ్ల వల్ల. మట్టం తగ్గి ఒట్టిగా తిరిగితే వేడెక్కి కాలుతుంది, అది కూలర్లోనే చూస్తుంటాం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి పైకి పోదు, నేల మీద పాకుతుంది. బండి కింద పని చేయడానికి తవ్విన గుంట (పిట్) ఉంటే అందులో దిగి కూర్చుంటుంది. మీ టబ్బు దగ్గర రవ్వ లేకపోవచ్చు, పక్క షెడ్డులో వెల్డింగు జరుగుతూ ఉండొచ్చు.

ఇంకో రకం వాళ్లున్నారు, వాళ్ల మీద నాకు ఇంకా కోపం. "పెట్రోలు కాదు సార్, డీజిలే పోశాను. జిడ్డు త్వరగా వదలాలని ఒక గ్లాసు పెట్రోలు కలిపానంతే." ఇది వినడానికి జాగ్రత్తగా ఉన్నట్టుంటుంది, అందుకే ప్రమాదం. మండేది ద్రవం కాదు, పైన లేచే ఆవిరి. ఎంత వేడిలో ఆ ఆవిరి అంటుకునేంతగా లేస్తుందో దాన్నే ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకి అది సున్నాకి 40 డిగ్రీల కింద. అంటే మన దగ్గర ఏ రోజైనా, ఏ వేళైనా సిద్ధమే. కిరోసిన్‌కీ డీజిలుకీ మన ప్రమాణాల్లో కనీసం 35 ఉండాలి. రెండూ కలిపితే సగటు వస్తుందనుకుంటున్నారు. రాదు. ముందు ఆవిరయ్యేది పెట్రోలే. టబ్బు మీద నిలిచేది పెట్రోలు ఆవిరే. కింద ఎంత డీజిలుందో నిప్పుకి అనవసరం. పెట్రోలు కొంచెం కలిపినా దాన్ని పెట్రోలుగానే లెక్కపెట్టండి.

డీజిలు ఒక్కటే అయితే ఫర్వాలేదా అంటారా? ఆ 35 అంకె ఇంకోసారి చూడండి. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం నీడలోనే అది దాటిపోతుంది, రేకుల కింద చెప్పక్కర్లేదు. పంపుతో చిమ్మితే తుంపరగా మారి ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. కాబట్టి ఈ టబ్బులోకి డీజిలూ వద్దు, కిరోసినూ వద్దు. ఇక ఈ సంగతి మళ్లీ ఎత్తను.

టబ్బులోకి నీళ్లే. ఇనుము, ఉక్కు భాగాలకి పది లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 200 గ్రాముల బట్టల సోడా (వాషింగ్ సోడా, అంటే సోడియం కార్బొనేట్). కిరాణా కొట్లో పేరు పూర్తిగా చెప్పి అడగండి, కాస్టిక్ కూడా తెల్లగానే ఉంటుంది. దానికి నాలుగైదు చెంచాల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ లిక్విడ్ కలపండి. గిన్నెల సబ్బు కలిపితే పంపు తిరిగేకొద్దీ నురగ పొంగి నేల మీదికి వస్తుంది. మెషిన్ లిక్విడ్‌కి నురగ తక్కువ, అందుకే నాకు అదే ఇష్టం. అల్యూమినియం భాగాలకైతే సోడా మానేసి లిక్విడ్ ఒక్కటే వాడండి, లేదా అల్యూమినియానికి హాని చేయదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) కొని, వాళ్లు చెప్పినంత నీళ్లు కలపండి. చన్నీళ్లు పనిచేయవు. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి చాలు. ఇమ్మర్షన్ రాడ్‌ని టబ్బులో వేలాడదీయకండి, వేరే బకెట్లో కాచి పోయండి.

నీళ్లతో జిడ్డు వదలదని రాసినవాళ్లంతా గీకకుండా నేరుగా టబ్బులో పడేసినవాళ్లే. నేనైతే ముందు చెక్క పుల్లతో మడ్డి గీకేస్తాను, రంపపు పొట్టు చల్లి తుడిచేస్తాను. సగం పని అక్కడే అయిపోతుంది, టబ్బులో నీళ్లూ ఎక్కువ రోజులు వస్తాయి.

నీళ్లకి లొంగనివి కొన్ని ఉంటాయి. కార్బ్యురేటర్ లోపల ఎండిపోయిన పెట్రోలు జిగురుకి కార్బ్ క్లీనర్ స్ప్రేనే కావాలి. రబ్బరు రింగులు ముందు తీసేసి, ఆరుబయట, కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకుని కొట్టండి. చైనుకి మూతున్న ఇనప డబ్బాలో కొంచెం కిరోసిన్, దొరక్కపోతే పెయింటు షాపులో అమ్మే టర్పెంటైన్. డీజిలుకంటే టర్పెంటైన్ నయం, ఆరాక మీద నూనె పొర తక్కువ మిగులుతుంది. ఇదీ బయటే, చేత్తో, బ్రష్షుతో. తడిసిన గుడ్డలు కుప్పగా వదలకండి.

బ్రేకు భాగాలు వేరే కులం. కాలిపర్ సీళ్లు, మాస్టర్ సిలిండర్ కప్పులు (బ్రేకులో ఫ్లూయిడ్ కారకుండా ఆపే భాగాలు) బ్రేక్ ఫ్లూయిడ్‌కి తట్టుకునే రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరుకి పెట్రోలు, డీజిలు, కిరోసిన్ ఏవీ పడవు. చుక్క తగిలినా ఉబ్బుతుంది, బ్రేకులోని పిస్టన్ వెనక్కి రాదు, బ్రేకు పట్టేస్తుంది. వాటికి సబ్బునీళ్లు, పూర్తిగా ఆరబెట్టడం, తర్వాత కొత్త బ్రేక్ ఫ్లూయిడ్‌తో తుడుపు. బ్రేక్ డ్రమ్ములో దుమ్ముని మాత్రం గాలితో ఊదకండి. అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిపి తుడవండి.

కడిగాక మంచినీళ్లతో జాడించడం, గాలి కొట్టి ఆరబెట్టడం, ఇనుముకి వెంటనే నూనె పూయడం మీకు తెలిసిందే.

టబ్బు నీళ్లని రాత్రంతా కదపకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది. రేకు ముక్కతో తీసి, వాడిన ఆయిల్ డబ్బాలో పోయండి. అడుగు మడ్డి విడిగా దాచండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన నూనె అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. మురిక్కాలవ దానికి చోటు కాదు.

అభ్యాసం: తుక్కులోంచి ఒక విరిగిన పిస్టన్ ముక్క, ఒక ఉక్కు బోల్టు, ఒక పాత కార్బ్యురేటర్ ముక్క, ఒక ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు), ఒక బ్రేక్ సీలు తెండి. ఓ-రింగు, సీలు మందం వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. మీరు వాడబోయే ద్రావణం గాజు సీసాల్లో పోసి, ఒక్కో సీసాలో ఒక్కో ముక్క వేయండి, మూత బిగించకండి. గంటకోసారి బుడగలున్నాయేమో చూడండి. మర్నాడు తీసి, కడిగి, మళ్లీ కొలవండి. ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేయాలి, వేడికి ఫలితం మారుతుంది. నల్లబడినా, బుడగలొచ్చినా, సీలు లావెక్కినా ఆ ద్రావణం ఆ ముక్కకి పనికిరాదు. ఆ పట్టిక కాగితం మీద రాసి టబ్బు పైన గోడకి అంటించండి. బేరింగుల పాఠానికి అది ముందు ఉండాలి, లేనివాళ్ల ప్రశ్నలకి జవాబివ్వను.