కథకు ప్లాట్ కట్టుకోవడం ఎట్లా?

నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి కొత్తగా కథలు రాసేవాళ్లకు చెప్పుకోవడానికి కష్టాలకు కరువు లేదు. ఎండిన బోరు, ఫ్లోరైడ్ నీళ్లు, వలస కూలీల బొంబాయి బస్సు. వీటిని ఒకదాని వెనక ఒకటి పేరిస్తే పది పేజీలు నిండుతాయి గానీ కథ కదలదు. చదివేవాడు అయ్యో పాపం అనుకొని పేజీ తిప్పేస్తాడు. కరువులో ఒక మనిషి ఏదో ఒకటి తేల్చుకోక తప్పని పరిస్థితి రావాలి. ఆ తేల్చుకున్నదే ఇంకో చిక్కు తెచ్చిపెట్టాలి. ప్లాట్, అంటే కథలో సంఘటనల అల్లిక, అక్కడ మొదలవుతుంది.

ఒక నమూనా కథ తీసుకుందాం. చండూరు పక్కన ఒక ఊరు. యాదమ్మకు రెండెకరాల బత్తాయి తోట, ఎనిమిదేండ్ల చెట్లు, మంచి కాపు మీదున్నాయి. మార్చిలో బోరు ఎండింది. కాయ కోతకు రావాలంటే ఇంకా రెండు నెలలు పడుతుంది. కథ నిడివి 1500 పదాలు అనుకుందాం.

రాయడానికి కూర్చునే ముందు

నాలుగు ప్రశ్నలకు జవాబు ఒక్క వాక్యంలో రాయండి: ఎవరికి, ఏం కావాలి, ఏది అడ్డం, దక్కకపోతే ఏం పోతుంది? "యాదమ్మ తోటను బతికించుకోవాలి, నీళ్లు లేవు, కొత్త బోరు వేయాలంటే బిడ్డ పెండ్లికి దాచిన బంగారం కుదువ పెట్టాలి, నీళ్లు పడకపోతే అదీ పోతుంది." మొదటి మూడూ అందరూ రాస్తారు. నాలుగోదే మర్చిపోతారు. పోయేది ఏమీ లేకపోతే యాదమ్మ బోరు వేసినా వేయకపోయినా మనకు ఒకటే.

ఎత్తుగడ: 200 పదాలు

వానలు పడని మూడేండ్ల చరిత్రతో మొదలుపెట్టకండి. మోటరు స్విచ్చి వేస్తే పైపు ఒక దోసెడు ఎర్రనీళ్లు కక్కి, తర్వాత ఉత్త గాలి ఊదుతున్న పొద్దున మొదలుపెట్టండి. మూడేండ్ల కరువు ఆ ఒక్క గాలి చప్పుడులో తెలిసిపోతుంది. ఇక్కడే ఇంకో పని కూడా చేయాలి. ముగింపులో అక్కరకొచ్చే వస్తువును ఇప్పుడే, ఎవరి కంటా పడనట్టుగా, ఒకసారి చూపించాలి. మన కథలో అది నీళ్ల ట్యాంకర్. పక్కింటి పెండ్లికి వచ్చిన ట్యాంకర్ ఇరుకు బాటలో యాదమ్మకు అడ్డమొస్తుంది, ఆమె విసుక్కుంటుంది, అంతే. ట్యాంకర్ గురించి రెండు వాక్యాలు దాటితే చదివేవాడు పసిగడతాడు.

నడక: 850 పదాలు

నాలుగైదు సన్నివేశాలు చాలు. ఒక్కో సన్నివేశాన్ని ఒక్కో చీటీ మీద రాసి వరసగా పెట్టండి. రెండు చీటీల నడుమ "ఆ తర్వాత" అని తప్ప ఇంకేమీ రాకపోతే ఆ అతుకు ఊడిపోయినట్టే. "అందుకని" గానీ "అయినా సరే" గానీ రావాలి. చూడండి: బేరగాడు వచ్చి చెట్టు మీది కాయను సగం ధరకు అడుగుతాడు, యాదమ్మ ఒప్పుకోదు. అందుకని పైసలు కావాలి, బంగారం కుదువ పెడుతుంది. అందుకని బిడ్డ మాట్లాడటం మానేస్తుంది. అయినా సరే బోరు బండిని పిలుస్తుంది. ఏ రెండు చీటీలనైనా తారుమారు చేస్తే కథ చెడిపోవాలి. చెడిపోకుండా నడిస్తే గొలుసు ఇంకా పడలేదని అర్థం.

వలస కథలు ఎక్కువగా ఈ పరీక్షలోనే తప్పుతాయి. బస్సెక్కాడు, పనిలో దెబ్బ తగిలింది, మేస్త్రీ కూలి ఎగ్గొట్టాడు, జ్వరమొచ్చింది. దెబ్బను ముందు పెట్టినా జ్వరాన్ని ముందు పెట్టినా తేడా లేదు. అదే కూలి ఎగ్గొట్టాడు కాబట్టి దెబ్బతోనే ఇంకో అడ్డాకు పోయాడంటే గొలుసు పడుతుంది.

నడకలో అడ్డంకులు ఒకే బరువుతో ఉండకూడదు. మొదటి అడ్డంకిలో పోయేది పరువు, రెండోదానిలో బంగారం, మూడోదానిలో బిడ్డ నమ్మకం. పెద్దదాన్ని ముందు వాడేస్తే మిగతావి చప్పబడిపోతాయి.

నాటకం మీద వచ్చిన పాత సంస్కృత గ్రంథం నాట్యశాస్త్రం నాటక ఇతివృత్తాన్ని ఐదు సంధులుగా, అంటే ఐదు ఘట్టాలుగా విడదీసింది: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. జర్మన్ రచయిత ఫ్రైటాగ్ 1863లో నాటకానికి గీసిన ఎక్కుడు దిగుడు బొమ్మ కూడా ఐదు మెట్లదే. మన పనికి గర్భసంధి బాగా ఉపయోగపడుతుంది. కావలసింది కనిపించి మళ్లీ మాయమవడం, దాని కోసం వెతుకులాట, అదంతా ఆ ఘట్టమే. యాదమ్మ బోరు 180 అడుగుల దగ్గర బురద చిమ్ముతుంది. చుట్టూ నిలబడ్డవాళ్లు కేకలేస్తారు, ఒకరు కొబ్బరికాయ కోసం ఉరుకుతారు. 200 దగ్గర మళ్లీ తెల్లటి రాతిపొడి లేచి అందరి నెత్తిన పడుతుంది. బురద లేకుండా 350 అడుగుల దాకా ఉత్త పొడే చూపిస్తే ఆశ పుట్టదు, ఆశ లేకపోతే దిగులూ పుట్టదు. ఈ సన్నివేశానికి 300 పదాలైనా ఇవ్వండి, మిగతా వాటిలో కోసుకోవచ్చు.

పతాక సన్నివేశం (క్లైమాక్స్): 250 పదాలు

చాలా కథలు ఇక్కడే చేజారిపోతాయి. 350 అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి, యాదమ్మ కండ్లు చెమ్మగిల్లాయి అని రాస్తే అది అదృష్టం. ఆమె చేసిందేమీ లేదు. నీళ్లు పడకపోతే ఉరిపోసుకుందని రాయడమూ అంతే, చిక్కు విప్పలేక కథకుడు తెంపేశాడన్నమాట. పతాక సన్నివేశంలో తేల్చవలసింది పాత్రే. లోతు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది కాబట్టి ప్రతి అడుగూ ఆ బంగారంలోంచే పోతోంది. బండి మీది పిల్లగాడు అడుగుతాడు:

"అక్కా, ఇంకో యాభై దించాల్నా?"

"ఆపుండ్రి."

అంతే, రెండు మాటలు. ఆమె మనసులో ఏముందో ఇక్కడ పేరా రాయకండి. బోరు పక్కన నిలబడ్డ బిడ్డ ఏం చేసిందో ఒక వాక్యంలో రాస్తే సరిపోతుంది.

ముగింపు: 200 పదాలు

పతాకలో తేల్చుకున్నదాని ఫలితం చూపించాలి, కొత్త సంగతి తేకూడదు. మిగిలిన పైసలతో యాదమ్మ ట్యాంకర్ మాట్లాడుకుంటుంది. రెండెకరాలకు సరిపోవు, ఒక ఎకరానికే పోయిస్తుంది. ఏ ఎకరాన్ని వదిలిందో చెప్పండి, ఎందుకో చెప్పకండి. నల్లగొండ బత్తాయి రైతులు ఎండాకాలంలో ట్యాంకర్లతో చెట్లను కాపాడుకోవడం కొత్తేమీ కాదు కాబట్టి ఇది అతికించినట్టు ఉండదు. పైగా ఎత్తుగడలోనే ట్యాంకర్ కనిపించి ఉంది. కొసమెరుపు కావాలని బేరగాడిని మంచివాడిగా మార్చడం, పట్నం నుంచి చుట్టం దిగడం లాంటివి వద్దు.

ముగింపు ముందే తెలిస్తే ఆసక్తి పోతుందని భయపడేవాళ్లు ఒకసారి డోలు వాయిస్తూ, పాడుతూ దేవుళ్ల కథలు చెప్పే ఒగ్గు కథ దగ్గర కూర్చోవాలి. మల్లన్న కథ ఎట్లా ముగుస్తుందో అక్కడున్న ముసలవ్వకూ తెలుసు, అయినా లేచిపోదు. ఎట్లా జరుగుతుందన్నదే పట్టి కూర్చోబెడుతుంది. అందుకే సంగతులు దాచిపెట్టి చివర్లో బయటపెట్టే ఎత్తులు చిన్న కథలో చాలాసార్లు అనవసరం.

ఫ్లాష్‌బ్యాక్ తప్పదనుకుంటే కథలో చిక్కు పడ్డాకే పెట్టండి, 100 పదాలు దాటనీయకండి. యాదమ్మ ఆ బంగారాన్ని ఎట్లా కూడబెట్టిందన్నది కుదువ కొట్టు మెట్ల మీద గుర్తొస్తే బరువుంటుంది. అదే మొదటి పేరాలో వస్తే అది ఉత్త సమాచారం.

మొదటి ప్రతి అయ్యాక వారం పక్కన పెట్టి, తర్వాత పైకి చదవండి. వినేవాళ్లు ఎక్కడ కదిలారో, ఫోన్ వైపు చూశారో అక్కడ మార్జిన్‌లో గీత పెట్టండి. ఆ గీతలు ఎక్కువగా పతాక సన్నివేశం దగ్గర పడవు, దానికి రెండు సన్నివేశాల ముందు పడతాయి. కోత అక్కడ పెట్టండి.