శిష్యత్వ శిక్షణ, నాలుగవ పాఠం: ఒకరి పక్కన ఒక గంట

మొదటి మూడు పాఠాల్లో శిష్యుడంటే ఎవరో, ప్రతిదినం వాక్యంతోనూ ప్రార్థనతోనూ గడిపే అలవాటు ఎలా నిలుస్తుందో, మీ సంఘంలో మీరు తోడుగా నడవదగిన కొత్త విశ్వాసిని ఎలా గుర్తించాలో చూశాము. ఆ వ్యక్తి పేరు నోటుపుస్తకంలో రాసుకొని, సంఘ కాపరికి తెలియజేసి, ఆ వ్యక్తి ఇష్టాన్ని అడిగి తెలుసుకొన్న తరువాతే ఈ పాఠం మొదలుపెట్టండి. ఎవరినీ ఎంచుకోనివారు దయచేసి ఇక్కడే ఆగి మూడవ పాఠానికి తిరిగి వెళ్లాలి, ఎందుకంటే ఇకమీద చెప్పబోయేదంతా ఒక మనిషి ఎదురుగా కూర్చొని చేసి చూస్తేనే పట్టుబడే పని.

ఆ పని ఏమిటంటే, వారానికొకసారి ఒక గంటపాటు ఒకే ఒక విశ్వాసి పక్కన కూర్చొని, కొద్దిపాటి వాక్యభాగాన్ని కలిసి చదివి, ఆ విశ్వాసి చేత మాట్లాడించడం. చూడడానికి ఇది చాలా చిన్న పని. రాయలసీమ సంఘాల్లో వినడానికి కొదువ లేదు. ఆదివారపు ఆరాధన, వారం మధ్యలో ఉపవాస ప్రార్థన, గృహ కూడికలు, ఏటేటా జరిగే సభలు, ఇవి చాలవన్నట్టు ఇప్పుడు ఫోనులో రాత్రింబవళ్లు ప్రసంగాలు. కొదువల్లా, విన్నవాడు ఏమి గ్రహించాడో అడిగి ఓపికగా వినేవారికే. బాప్తిస్మం పొంది పదేళ్లైన మనిషి ప్రసంగం మధ్యలో నాలుగుసార్లు ‘ఆమెన్’ అన్నంత మాత్రాన అతనికి ఆ వాక్యం అర్థమైందని మనం అనుకోవడం సరికాదు. అర్థం కాలేదని చెప్పుకొనే చోటు అతనికి ఎక్కడా లేదేమో ముందు ఆలోచించాలి.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో 24 నుండి 28 వరకు ఉన్న వచనాలను ఇప్పుడు తెరిచి చదవండి. అపొల్లో అలెక్సంద్రియవాడు, లేఖనాలలో ప్రవీణుడు, మాటకారి. అయితే అతనికి యోహాను బాప్తిస్మం మాత్రమే తెలుసు. ఎఫెసు సమాజమందిరంలో అతడు ధైర్యంగా బోధిస్తుండగా ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు విన్నారు. వారు నలుగురిలో లేచి అతని మాటను ఖండించలేదు, అలాగని విననట్టు ఇంటికి వెళ్లిపోనూ లేదు. అతణ్ణి చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచారు. ఆ తరువాత అతడు అకయకు వెళ్లి అక్కడి విశ్వాసులకు చాలా సహాయం చేశాడు. ఈ దంపతులు డేరాలు కుట్టుకొని బతికేవారని అదే అధ్యాయం మూడవ వచనం చెబుతుంది. చేతిపని చేసుకొనేవారు ఒక విద్వాంసుణ్ణి దిద్దగలిగారంటే, నాకు వేదపాఠశాల చదువు లేదు గనుక ఈ పని నాది కాదని మీరు అనుకోవడానికి వీలు లేదు. తప్పును పక్కకు పిలిచి చెప్పడంలో ఎదుటివాని గౌరవం కూడా నిలబడింది. మన పల్లెల్లో నలుగురిలో మాట పడ్డ మనిషి మళ్లీ గుడి మెట్టెక్కడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఎవరు ఎవరితో కూర్చోవాలన్న విషయంలో తీతుకు రాసిన పత్రిక 2వ అధ్యాయం చూపిన దారి మేలైనది. వృద్ధ స్త్రీలు యౌవన స్త్రీలకు నేర్పించాలని అక్కడ ఉంది. స్త్రీతో స్త్రీ, పురుషునితో పురుషుడు కూర్చోవాలి. మందిరం వసారా, బడి అరుగు, పొలం గట్టు వంటి నలుగురి కంటపడే చోటు చూసుకోండి. వేళ నేర్చుకొనేవారికి అనువైనదై ఉండాలి గాని మీకు అనువైనది కాదు. బుడ్డలు (వేరుశనగ) పెరికే రోజుల్లో కూలికి వెళ్లివచ్చిన మనిషిని రాత్రి తొమ్మిది గంటలకు కూర్చోబెట్టి నిద్రపోతున్నాడని నొచ్చుకోవడం న్యాయం కాదు.

ఇక గంట ఎలా నడవాలో చూద్దాం. వందనాలు చెప్పుకొన్న తరువాత ముందుగా వారం ఎలా గడిచిందో అడగండి, పిల్లల సంగతి, పని సంగతి, ఒంట్లో ఎలా ఉందన్న సంగతి. ఇది మర్యాద కోసం అడిగే ప్రశ్న కాదు. జవాబు పది నిమిషాలు సాగితే సాగనివ్వండి. చిన్న ప్రార్థన చేసి వాక్యం తెరవండి. మొదటి వారానికి మార్కు సువార్త 4వ అధ్యాయం 26 నుండి 29 వరకు ఉన్న నాలుగు వచనాలు చాలు. ఒకసారి మీరు, ఒకసారి వారు చదివాక పుస్తకం మూసి, ఇప్పుడు చదివింది నాకు చెప్పండి అని అడగండి. వారు తమ మాటల్లో చెబుతున్నప్పుడు వదిలేసినవి, కలిపినవి మనసులో ఉంచుకోండి, మధ్యలో అందుకోవద్దు. పూర్తయ్యాక మూడు ప్రశ్నలు అడగాలి: ఇందులో మీకు నచ్చింది ఏది, అర్థం కానిది ఏది, ఇది నిజమైతే ఈ వారం మీ ఇంట్లో ఏ పని మారాలి. ఈ మూడు ప్రశ్నలు కంఠస్థం చేయండి.

ఈ వాక్యభాగాన్నే ఎంచడానికి కారణం ఉంది. ఒక మనిషి భూమిలో విత్తనం చల్లి, రాత్రి నిద్రపోతూ పగలు మేల్కొంటూ ఉండగా, అతనికి తెలియని రీతిగా ఆ విత్తనం మొలుస్తుంది. భూమి తనంతట తానే మొదట మొలకను, తరువాత వెన్నును, అంటే కంకిని, ఆ తరువాత వెన్నులో ముదురు గింజలను ఇస్తుంది. పంట పండగానే అతడు కొడవలి పెడతాడు. కొర్ర, జొన్న వేసిన ఇళ్లలో వెన్ను అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. అయితే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో ఈ మాటలు చదివిన రైతు కూలీ అడిగే మొదటి ప్రశ్న ఏదో మీరు ముందే ఊహించవచ్చు. ఒక అక్క, కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన ఒక చెల్లెలు కూర్చొన్నారనుకొందాం.

“ఇత్తనం ఏసి పండుకుంటే దానంతట అదే పండుతాదా అక్కా? వాన రాకుంటే యాడ మొలుస్తాది?”

ఇక్కడే చాలామంది నేర్పేవారు తొందరపడతారు. ఇది ఉపమానం గదా, అలా అడగకూడదని కొందరు, దేవుడే వాన ఇస్తాడు, విశ్వాసం ఉంచాలని కొందరు వెంటనే చెప్పేస్తారు. ఆ చెల్లెలు తలూపి ఊరుకొంటుంది. ఆమె ప్రశ్న మాత్రం ఆమెతోనే ఇంటికి పోతుంది. అలా కాకుండా ఆ అక్క ఇలా అడగవచ్చు.

“మంచి మాట అడిగితివి. ఈ కతలో ఆ మనిషి చేసిన పనులేవి, చేయని పనులేవి? చూసి చెప్పు.”

పుస్తకం మళ్లీ తెరిస్తే ఆమెకే కనిపిస్తుంది: విత్తినది అతడే, కోసినది అతడే, మొలిపించడం, వెన్ను తీయించడం అతని చేతిలో లేవు. వాన లేని ఏడు ఎంత కష్టమో ఈ వాక్యం కాదనడం లేదు, ఆ ప్రశ్నకు ఇక్కడ జవాబూ లేదు. లేదని ఒప్పుకోవడం నేర్పేవారికి చిన్నతనం కాదు. దేవుని రాజ్యం పెరిగే తీరు మనిషి లెక్కకు అందదన్నదే ఈ నాలుగు వచనాల సారం. దానిని ఆమె తన నోటితో చెప్పినప్పుడు అది ఆమెదవుతుంది. ఈ ఉపమానం మీకూ వర్తిస్తుందని మరువకండి. విత్తడం మీ వంతు. మీరు తోడుగా నడుస్తున్న మనిషి మీరనుకొన్న నెలలో, మీరనుకొన్న ఎత్తుకు ఎదగాలని పట్టుపట్టడం మీ వంతు కాదు.

మీ ఎదుటి వ్యక్తికి చదువు రాకపోతే పాఠం ఆగదు. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టిన కాలం నుండి ఈ ప్రాంతపు పల్లెల్లో సంఘాలను పట్టి నిలిపినవారు ప్రధానంగా ఉపదేశులే. చదువురాని పెద్దలకు పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం నోటికి వచ్చేలా వారు ప్రశ్నా జవాబుల పద్ధతిలో చెప్పించారు. ఆ పద్ధతిని పాతదని తీసివేయడం నాకు నచ్చదు, ఎందుకంటే నోటికి వచ్చిన వాక్యం చేను దగ్గరా, ఆసుపత్రి మంచం మీదా అక్కరకు వస్తుంది. దానికి ఒకటే కొరత ఉంది: జవాబు ముందే నిర్ణయమై ఉంటుంది గనుక చెప్పేవాని మనసు బయటపడదు. కాబట్టి వాక్యభాగాన్ని మీరు రెండు మూడుసార్లు నెమ్మదిగా చదివి వినిపించండి, లేదా ఫోనులో వినే బైబిలు పెట్టండి. ముందు నోటికి రానిచ్చి, ఆ తరువాత మూడు ప్రశ్నలూ అడగండి. అక్షరం రానివారు కథను మనకంటే తప్పులు లేకుండా తిరిగి చెప్పడం మీరే చూస్తారు.

హద్దుల సంగతి కొంచెం చెప్పాలి. మీ ఇద్దరి మధ్య అప్పు ఇవ్వడం, పుచ్చుకోవడం వద్దు. అవసరం ఉంటే సంఘ పెద్దల ద్వారా సహాయం అందేలా చూడండి. వారు మీతో చెప్పుకొన్న సంగతి మీ దగ్గరే ఆగాలి, ప్రార్థన అంశం అనే పేరుతో కూడా కూడికలో బయటికి రాకూడదు. ప్రాణానికి ముప్పు, ఇంట్లో దెబ్బలు, పిల్లలకు హాని వంటివి తెలిసినప్పుడు మాత్రం దాచడం తప్పు. ఈ మాట మొదటి వారంలోనే వారికి చెప్పి ఉంచండి.

ఈ ప్రాంతంలో వారపు గంటకు ఎదురయ్యే అతి పెద్ద అడ్డంకి సుగ్గి, అంటే కూలి పనికోసం ఊరు విడిచి వలస వెళ్లడం. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం నుండి ఇంటికి తాళం వేసి పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్లే కుటుంబాల్లో మీ శిష్యుడూ ఉండవచ్చు. తిరిగి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. వచ్చాక చూద్దాంలే అనుకొంటే మొదటి నుండి మొదలుపెట్టవలసి వస్తుంది. వెళ్లే ముందటి వారమే కూర్చొని, మార్కు సువార్తలోని 16 అధ్యాయాలను వారానికొకటి చొప్పున చదవడానికో వినడానికో ఒప్పందం చేసుకోండి. వారానికి ఒకరోజు, పని దిగి అన్నం తిన్న తరువాత, పదిహేను నిమిషాలు ఫోనులో అవే మూడు ప్రశ్నలు అడగండి. ఫోను ఎత్తకపోతే కోపగించకుండా మరుసటి రోజు మళ్లీ చేయండి.

ఈ ఎడబాటు నష్టమే కాదు. సువార్తలలో యేసు పన్నెండు మందిని ఇద్దరిద్దరిగా పంపినప్పుడు ఆయన వారి పక్కన లేడు. వారు తిరిగి వచ్చి తాము చేసినవీ బోధించినవీ ఆయనకు తెలియజేశారని మార్కు 6:30 చెబుతుంది. సుగ్గికి ఒకే ఊరివారు పదిమంది కలిసి వెళతారు గనుక, నీతో కూడా ఒకరిని కూర్చోబెట్టుకో, నేను నిన్ను అడిగినట్టే నువ్వు ఆ మనిషిని అడుగు అని మీ శిష్యునికి చెప్పి పంపండి. తిమోతికి రాసిన రెండవ పత్రిక 2:2లో నాలుగు తరాలు ఉన్నాయి: పౌలు, అతని దగ్గర విన్న తిమోతి, తిమోతి అప్పగించవలసిన నమ్మకమైనవారు, వారు బోధించవలసిన ఇతరులు. మీరు మూడవ తరాన్ని చూడకుండా మొదటి మనిషినే ఏళ్ల తరబడి పక్కన కూర్చోబెట్టుకొంటే, అది తోడ్పాటు పేరుతో సాగే పెత్తనమవుతుంది.

బర్నబాను చూడండి. తరువాత పౌలు అనబడిన సౌలును యెరూషలేములో ఎవరూ నమ్మని రోజుల్లో అపొస్తలుల దగ్గరికి తీసుకువెళ్లినవాడు, తార్సుకు వెళ్లి వెతికి అంతియొకయకు తెచ్చి ఒక సంవత్సరమంతా అతనితో కలిసి బోధించినవాడు బర్నబాయే. మొదట్లో వాక్యం ‘బర్నబా, సౌలు’ అని చెబుతుంది. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం మధ్య నుండి ఎక్కువ చోట్ల పౌలు పేరు ముందుకు వస్తుంది. పేరు వెనక్కి వెళ్లినందుకు బర్నబా నొచ్చుకొన్నాడన్న మాట ఎక్కడా లేదు. వారిద్దరూ విడిపోయినది వేరొక కారణం వల్ల, మధ్యలో వదిలి వెళ్లిన మార్కుకు మరొక అవకాశం ఇవ్వాలని బర్నబా పట్టుపట్టడం వల్ల. ఆ మార్కునే పౌలు చివరికి తన పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని పిలిపించుకొన్నాడు. ఈ వివాదాన్ని ఆరవ పాఠంలో వివరంగా చదువుతాము.

ఈ వారం చేయవలసినది ఇది. పైన చెప్పిన నాలుగు వచనాలతో ఒక గంట కూర్చొని, ఆ రాత్రి పడుకోబోయే ముందు నోటుపుస్తకంలో రెండు సంగతులు రాయండి: ఎదుటి వ్యక్తి అడిగిన ప్రశ్న ఏది, గంటలో మీరు ఎంతసేపు మాట్లాడారు, వారు ఎంతసేపు మాట్లాడారు. మీ మాటలే సగానికి మించితే వచ్చే వారం అదే భాగాన్ని మళ్లీ తీసుకొని, ఈసారి మూడు ప్రశ్నలను వారి చేత మిమ్మల్ని అడిగించుకోండి. మీరు నిజంగా జవాబు చెప్పండి. వారి మాటలు ఎక్కువగా ఉంటే అయిదవ పాఠానికి రావచ్చు. అందులో, చదివినదానిని చేయలేకపోయానని శిష్యుడు రెండవ వారం, మూడవ వారం కూడా చెప్పినప్పుడు ఎలా మాట్లాడాలో చూద్దాం.