బండి భాగాలకు మళ్లీ రంగు – 3వ పాఠం: పాత పౌడర్ కోటింగ్ తీయడం

పోయిన పాఠంలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) విప్పి బేరింగులు, బుష్‌లు, ఆయిల్ సీళ్లు తీసేశాం కదా. వాటిలో ఏ ఒక్కటి మిగిలినా ఇవాళ్టి పనికి దిగకండి. రిమూవర్ (పాత పూతను ఊడగొట్టే రసాయనం) తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది.

ముందు పైన ఉన్నది పౌడరో (పొడి చల్లి ఓవెన్‌లో కాల్చిన పూత), మామూలు పెయింటో తేల్చుకోవాలి. థిన్నర్‌లో తడిపిన గుడ్డతో కనబడని మూల రుద్దండి. లాకర్ పెయింటయితే రంగు గుడ్డకు దిగుతుంది. పౌడరయితే మహా అంటే కాస్త మెరుపు తగ్గుతుంది. 180–200 డిగ్రీల ఓవెన్‌లో ఆ పొడి కరిగి, అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడతాయి. ఆ ముడి థిన్నర్‌కు లొంగదు. హార్డెనర్ కలిపి కొట్టిన పెయింట్ కూడా ఇలాగే మొరాయిస్తుంది కానీ దాన్నీ ఇదే పద్ధతిలో తీయొచ్చు.

తర్వాత అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము, లేకపోతే చాలావరకు అల్యూమినియమే. వేడి కాస్టిక్ సోడా నీళ్లు ఇనుముకు పనికొస్తాయి, అల్యూమినియాన్ని మాత్రం తినేస్తాయి. అల్లాయ్ వీల్‌ను మంటతో కాల్చడం అసలే వద్దు. బలం తగ్గినా పైకి తేడా కనబడదు, అదీ ప్రమాదం.

నేరుగా శాండ్ బ్లాస్టింగ్‌కి (గాలి ప్రెషర్‌తో రేణువులు కొట్టి పూత తీయడానికి) ఇస్తే పోలేదా అని చాలామంది అడుగుతారు. పౌడర్ పొరకు కాస్త సాగే గుణం ఉంటుంది, రేణువులు దాని మీద పడి ఎగిరిపోతాయి. పని కావడం లేదని ప్రెషర్ పెంచితే మడ్‌గార్డ్ లాంటి పల్చటి రేకు వంకర పోతుంది. అందుకే నా లెక్కలో ముందు రిమూవర్, మూలల్లో మిగిలినదానికే బ్లాస్టింగ్. అది కూడా ఏటి ఇసుకతో వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది.

ఇక అసలు పని. 80 నంబర్ ఎమరీ పేపర్‌తో గీతలు పడేలా రుద్దండి, రిమూవర్ పొర కిందికి దిగడానికి దారి కావాలి. బ్రష్‌తో మందంగా, ఒకే దిక్కున పూయండి. పూసినచోటే మళ్లీ మళ్లీ రుద్దితే రిమూవర్ పైన తేలి ఆవిరి పోకుండా ఆపే మైనం పొర చెదిరిపోతుంది. పైన పాలిథిన్ కప్పి అరగంట ఆగండి. పొర ముడతలు పడి, పొంగిన అప్పడంలా లేస్తుంది. ప్లాస్టిక్ గరిటెతో గీకితే పెచ్చులుగా ఊడి వస్తుంది. వెల్డింగ్ కుట్ల దగ్గర మాత్రం మొండిగా ఉంటుంది, అక్కడ రెండో పూత తప్పదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. మెథిలిన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్ 40 డిగ్రీలకే మరుగుతుంది. అంటే మన మే నెల ఎండలో డబ్బా లోపల ప్రెషర్ పెరుగుతుంది, మూత మెల్లగా తిప్పాలి. దాని ఆవిరి గాలికన్నా బరువు, మూసిన షెడ్‌లో నేల మట్టాన పేరుకుంటుంది. ఒంట్లోకి పోతే కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది కాబట్టి గుండె జబ్బున్నవాళ్లు దీని జోలికి పోకూడదు. గుడ్డ మాస్క్ దీన్ని ఆపదు. సర్జికల్ గ్లోవ్స్‌లోంచి నిమిషాల్లో దిగిపోతుంది. దీనికి తగ్గ గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, ఆరుబయట నీడలో, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి చేయండి. గీకిన పెచ్చుల్ని కాలవలో పడేయొద్దు.

అంతా ఊడాక నీళ్లతో బాగా కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టండి. విశాఖ లాంటి తీరం ఊళ్లలో బట్టబయలైన ఇనుము సాయంత్రానికే ఎర్రబడుతుంది. వేలిముద్ర పడినచోట కూడా తుప్పు మొదలవుతుంది, అందుకని శుభ్రమైన గ్లోవ్స్‌తోనే పట్టుకుని థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచేయండి. ప్రైమర్ అదే రోజు పడాలి కాబట్టి ఈ పని మొదలుపెట్టే ముందే 4వ పాఠం చదివి, డబ్బా తెచ్చి పెట్టుకోండి.