నగరంలో పరిచర్య – 3వ పాఠం: మాట్లాడే ముందు నడవడం

గత పాఠంలో యిర్మీయా 29:7 చదివాం. బబులోనుకు బందీలుగా వెళ్లి చెరలో ఉన్న యూదులకు కూడా దేవుడు ఆ పట్టణం క్షేమం కోరమనే చెప్పాడు. క్షేమం కోరాలంటే అక్కడివాళ్ల కష్టం ఏంటో ముందు తెలియాలి కదా. ఈ వారం పని అదే.

అపొస్తలుల కార్యములు 17 తెరవండి. ఏథెన్సు నిండా విగ్రహాలు చూసి పౌలు మనసు ఎంతో తల్లడిల్లింది. అయినా ఆ నగర పెద్దల సభ అయిన అరేయొపగులో నిలబడినప్పుడు ఆయన వాళ్లను తిట్టలేదు. తను తిరుగుతూ చూసిన ‘తెలియబడని దేవునికి’ అన్న బలిపీఠంతో మాట మొదలుపెట్టాడు. 28వ వచనం నెమ్మదిగా రెండుసార్లు చదవండి, అక్కడ వాళ్ల కవుల మాటే ఎత్తుకున్నాడు.

ఇప్పుడు మన అమీర్‌పేట. కొన్నేళ్ల క్రితం మైత్రీవనం దగ్గర మా యూత్ వాళ్లం కరపత్రాలు పంచాం. గంటలో అన్నీ అయిపోయాయని సంబరపడ్డాం. తిరిగొస్తుంటే కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లతో కలిసి మావీ రోడ్డు మీదే ఉన్నాయి. చాలా బాధేసింది. మరుసటి ఆదివారం రాత్రి ఏమీ పట్టుకోకుండా ఊరికే నడిచాం. ఒక హాస్టల్ మెట్ల మీద ఓ కుర్రాడు ఫోన్‌లో "తిన్నానమ్మా" అంటున్నాడు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది. ఆదివారం రాత్రి వాళ్ల హాస్టల్లో వంట ఉండదట! పక్క హాస్టల్లో అడిగితే అక్కడా అంతే.

ఆ నెల నుంచే ఆదివారం రాత్రి అన్నం, పప్పుచారు వండడం మొదలుపెట్టాం. ఒక మాట గట్టిగా చెబుతాను. ఆ అన్నం ఎర కాకూడదు. ప్రార్థనకు వస్తేనే ప్లేటు అంటే అది సువార్త కానే కాదు. అడిగినవాళ్లకు యేసు గురించి చెబుతాం. అడగనివాళ్లకూ అదే పప్పుచారు, అంతే ప్రేమతో.

అభ్యాసం: మీ చర్చి ఉన్న వీధిలోనే మూడు వేళల్లో నడవండి. పొద్దున్నే కూలీలు అడ్డా మీద నిలబడే వేళ ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పది దాటాక ఒకసారి. ఫోన్ జేబులో ఉండాలి, చేతిలో నోట్‌బుక్ చాలు. ఏ భాషలు వినబడుతున్నాయి, గోడల మీద ఏం రాసుంది, ఎవరు దేనికోసం ఎదురుచూస్తున్నారు? ఇవి రాసుకోండి, మనుషుల పేర్లు మాత్రం వద్దు. టీ కొట్టు దగ్గర ఒకరిని "మీదే ఊరన్నా?" అని అడిగి పది నిమిషాలు వినండి. మధ్యలో వాక్యం చెప్పాలనిపిస్తుంది, ఆగండి.

4వ పాఠానికి ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. అందులోంచి ఒక్క అవసరాన్ని ఎలా ఎంచుకోవాలో చూద్దాం.