రోహిణి ఎండల్లో ఇంటి చుట్టూ చప్టా పోయిస్తున్నారా?

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్ళకు ఇంటి చుట్టూ సిమెంటు చప్టా పోయించాలన్న తొందర పుడుతుంది. మృగశిర చినుకులు మొదలయ్యాయంటే గోడ మొదట్లో నీళ్ళు నిలుస్తాయి, వాకిలంతా బురదవుతుంది, లోపలి గదుల్లో చెమ్మ ఎక్కుతుంది. ఆ లోపే పని తెమల్చుకోవాలి కాబట్టి తొందర న్యాయమైనదే. రాతినే పగలగొట్టే ఎండ పచ్చి కాంక్రీటును ఏం చేస్తుందన్నది మాత్రం చాలామంది ఆలోచించరు.

మాది పల్నాడు. రెంటచింతల ఎండల సంగతి అందరికీ తెలుసు. ఈ ఎండల్లో, ఈ నల్లరేగడి నేలల్లో పాతికేళ్ళుగా ఇళ్ళ పనులు చేయిస్తున్నాను. శ్లాబు దగ్గర కంటిమీద కునుకు లేకుండా కాపలా కాసేవాళ్ళు చప్టా దగ్గరికి వచ్చేసరికి "బయటి పనే కదా" అని మేస్త్రికి వదిలేసి వెళ్ళిపోతారు. వానాకాలం పొడుగునా పునాదిని కాపాడేది ఆ బయటి పనే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గునపం దిగకముందే ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. మంచినీళ్ళ పైపు ఎటునుంచి వస్తోంది, బాత్రూం నీళ్ళ పైపు ఎటు పోతోంది, మోటారు వైరు భూమిలోంచి వెళ్తోందా, సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుంది, ఎర్తింగ్ గుంత ఎక్కడుంది అన్నీ కాగితం మీద గీసుకోండి. తవ్వాక పైపులు బయటపడినప్పుడు పక్కన టేపు పెట్టి ఫోటోలు తీసి ఉంచుకోండి. పదేళ్ళ తర్వాత ఏ పైపో కారితే మొత్తం పగలగొట్టాల్సిన పని తప్పుతుంది. ఎర్తింగ్ గుంతను కప్పేస్తూ కాంక్రీటు పోయడం నేను చాలా ఇళ్ళలో చూశాను. అది ఇంట్లోవాళ్ళ ప్రాణాలతో చెలగాటం. దాని చుట్టూ చిన్న తొట్టి కట్టి, మూత తీసి నీళ్ళు పోయడానికి వీలుగా ఉంచాలి. చెదల మందు కొట్టించాలనుకుంటే అదీ ఇప్పుడే. తర్వాతైతే గోడ వెంట చప్టాకు కన్నాలు వేయాల్సి వస్తుంది.

ఇక నేల సంగతి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. మే నెలలో తవ్వితే గట్టిగా రాయిలా తగులుతుంది. ఆ గట్టిదనం చూసి "నేల బ్రహ్మాండంగా ఉంది, పోసేద్దాం" అంటారు. మా సొంత ఇంటికి మొదటిసారి చప్టా పోయించినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. మొదటి ఏడాది వానలకు బయటి అంచు కింద మట్టి ముందు తడిసి ఉబ్బింది. గోడ పక్కన మట్టి పొడిగానే ఉండిపోయింది. బయటి అంచు పైకి లేచి, నీళ్ళు బయటికి జారడానికి మేం పెట్టిన వాటం తిరగబడి, నీళ్ళన్నీ గోడ మొదట్లోకి వచ్చి చేరాయి. చప్టా లేనప్పటి కంటే చెమ్మ ఎక్కువైంది. మరుసటి వేసవిలో అంతా పగలగొట్టి మళ్ళీ మొదలుపెట్టాం.

రెండోసారి చేసింది ఇదీ. అడుగున్నర లోతు రేగడి తీసేసి, ఆ చోట ఎర్ర గ్రావెల్ నింపాం. తెలంగాణ వైపు దీన్ని మొరం అంటారు. ఆరంగుళాల పొర పోయడం, తడపడం, దిమ్మిసతో గట్టిగా కొట్టడం, ఆ తర్వాతే పై పొర. ఒకేసారి అడుగున్నర నింపి పైపైన కొడితే కింది పొర వదులుగానే ఉండిపోయి వానలకు దిగబడుతుంది. చవగ్గా వస్తోందని రేగడి గుంతను ఇసుకతో నింపకండి. ఇసుకలోంచి నీరు గబగబా దిగి, కింద రేగడి మీద తొట్టిలో నిలిచినట్టు నిలుస్తుంది. బయటి అంచు వెంట అడుగు లోతు నుంచి కాంక్రీటు గట్టు పోశాం. ఆ గట్టు అందానికి పెట్టింది కాదు. పక్కనుంచి తడి చప్టా కిందికి పాకకుండా అడ్డుపడుతుంది, అంచు విరగకుండా కాస్తుంది. అంచుకు పెట్టే కర్బ్ రాళ్ళు కొని తెచ్చి పాతేవాళ్ళు కూడా మూడో వంతైనా భూమిలో ఉండేలా, వెనకవైపు కాంక్రీటు దన్ను ఇచ్చి పాతించండి. పైపైన సిమెంటు పూసి నిలబెట్టిన రాయి, కారు టైరు ఒక్కసారి తగిలితే పడిపోతుంది.

ఎర్రనేలల వాళ్ళకు ఇంత తిప్పలు లేవు. పై మట్టి, చెత్త, వేళ్ళు తీసి దిమ్మిస కొట్టిస్తే చాలు.

వాటం గోడ నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం చొప్పున ఉండాలి. మూడడుగుల చప్టాకు ముప్పావు అంగుళం. కంటికి కనిపించనంత తక్కువ కాబట్టి కంటిని నమ్మకండి. నీళ్ళ గొట్టంతో మట్టం చూసి, గోడ మీద ఒక గీత, బయట మేకులకు దారం కట్టి, ఆ దారానికే బద్ద లాగించండి. ఆ నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయన్నదీ ముందే తేల్చుకోవాలి. పక్కింటి గోడ కిందికి పోతే గొడవ, వీధిలో నిలిస్తే దోమలు. ఇంకుడు గుంతకు మళ్ళించడం అన్నిటికంటే మేలు. వాననీటిని భూమిలోకి ఇంకించడం గురించి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలోనే ఉంది. ఇంకో మాట, ఆవరణ అంతా మూసేయకండి. గోడ చుట్టూ మూడు నాలుగు అడుగులు, గేటు నుంచి గుమ్మానికి దారి చాలు. వేపచెట్టు మొదలు చుట్టూ కనీసం మూడడుగుల మట్టి వదలండి. వేళ్ళకు ఊపిరాడకపోతే చెట్టూ పోతుంది, లావెక్కే వేరు మీ చప్టానూ లేపుతుంది. గేటు బయట ర్యాంపును రోడ్డు మీదికి లాగి వీధి కాలువను పూడ్చేవాళ్ళకు ఒకటే చెబుతాను. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి కొట్టేసేలోపే మొదటి వాన మీ ఇంటి ముందు చెరువు కడుతుంది.

గోడకూ చప్టాకూ మధ్య అర అంగుళం సందు ఉండాలి. పోసేటప్పుడు థర్మాకోల్ షీటు నిలబెట్టి, తర్వాత దాన్ని పై నుంచి కొంత తీసి తారూ ఇసుకా కలిపి నింపాలి. రెండూ అతుక్కుని ఉంటే చప్టా ఎండకు సాగినప్పుడల్లా గోడ ప్లాస్టరింగును లాగేస్తుంది. పొడవునా కూడా ఒకే ముక్కగా పోయకండి. మూడు నాలుగు అడుగుల వెడల్పు దారికి నాలుగైదు అడుగులకొక గీత కోయాలి. లోతు మందంలో నాలుగో వంతు ఉండాలి. కాంక్రీటు ఎలాగూ ముడుచుకుంటుంది. గీత ఉంటే ఆ గీతలోనే పగులుతుంది, లేకపోతే తనకు తోచిన చోట పగులుతుంది.

నడిచే చోట మందం 4 అంగుళాలు, కారు ఎక్కే చోట 6 అంగుళాలు. వంద అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం అంటే నూరు ఘనపుటడుగులు. 1:2:4 పాళ్ళలో (సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర నాలుగు) సుమారు 18 బస్తాల సిమెంటు పడుతుంది. ఎవరైనా పది బస్తాల్లో తేల్చేస్తామంటే ఎక్కడో తగ్గిస్తున్నారని అర్థం. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చయి ఉంటాయి. మూడు నెలలు దాటినది తీసుకోకండి. ఇసుకను గాజు గ్లాసులో సగం పోసి, నీళ్ళు పోసి కలిపి రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. పైన తేరిన బురద మందం ఇసుక మందంలో నూటికి 8 వంతులు దాటితే ఆ లోడు వెనక్కి పంపండి. రాయి పిండి చేసిన రోబో శాండ్ అయితే దుమ్ము ఎక్కువ లేకుండా చూసుకోండి.

ఇక నీళ్ళు. 50 కిలోల బస్తాకు 30 లీటర్లు చాలు. 20 లీటర్ల పెయింటు డబ్బాతో ఒకటిన్నర. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పలచగా ఉంటే బద్ద తేలిగ్గా లాగుతుంది కాబట్టి పనివాళ్ళు ఎండలో ఇంకో చెంబు, ఇంకో చెంబు పోస్తూ ఉంటారు. వాళ్ళ కష్టం వాళ్ళది. ఆ అదనపు చెంబు మీ చప్టా బలాన్ని తినేస్తుంది. అరగంటలోపు పోయగలిగినంతే కలపమనండి. తట్టలో బిగుసుకున్న మాలులో మళ్ళీ నీళ్ళు పోసి కలపనివ్వకండి. పైన తేలిన సిమెంటు పాలు ఆరకముందే పొడి సిమెంటు చల్లి నున్నగా పామడం మనవైపు పెద్ద అలవాటు. ఆ నునుపు రెండేళ్ళలో పొరలు పొరలుగా లేచిపోతుంది, వానలో కాలు జారుతుంది. పాలు ఇంకేదాకా ఆగి, తాపీతో సరిచేసి, చివర్లో చీపురుతో అడ్డంగా ఒక్కసారి గరుకు గీతలు లాగమనండి. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

మన ఐఎస్ (భారతీయ) ప్రమాణాల ప్రకారం 40 డిగ్రీలు దాటాక చేసే కాంక్రీటు పనిని ఎండ పనిగా లెక్కవేసి వేరే జాగ్రత్తలు తీసుకోవాలి. మన దగ్గర మే నెలలో చాలా రోజులు అలాంటివే. కాబట్టి తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదిన్నర, పదింటికల్లా ఆపేయండి. లేదా సాయంత్రం ఎండ వాలాక లైట్లు పెట్టుకుని పోయండి. ముందురోజు రాత్రే నేలను, కంకరను తడిపి ఉంచండి. పోసేటప్పుడు గుంటల్లో నీళ్ళు నిలవకూడదు. వడగాలి వీస్తుంటే పచ్చి కాంక్రీటు మీద గంటలోనే కోడికాళ్ళలా పగుళ్ళు లేస్తాయి. అందుకే గీతలు లాగిన వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పాలి. బొటనవేలు నొక్కితే గుర్తు పడనంత గట్టిపడ్డాక పట్టా తీసి, తడి గోనెపట్టాలు పరచాలి.

ఆ గోనెపట్టాలు పది రోజులు ఆరకూడదు. బూడిద కలిసిన పీపీసీ సిమెంటయితే 14 రోజులు ఉంచడం మంచిది. పొద్దున ఒక పైపు, సాయంత్రం ఒక పైపు కొడితే చాలదు. తడిసి, ఆరి, మళ్ళీ తడిసే కాంక్రీటు మరింత పగులుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు, మూడుకు వెళ్ళి చేత్తో పట్టి చూడండి. ఇంట్లో ఎవరో ఒకరికి ఈ పని అప్పజెప్పండి. పెళ్ళికో తిరునాళ్ళకో ఊరెళ్ళే పనుంటే, తిరిగొచ్చాకే చప్టా పెట్టుకోండి.

పనివాళ్ళ గురించి కూడా చెప్పాలి. నీడ, చల్లని నీళ్ళు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ మీరే ఏర్పాటు చేయండి. కూలిలో భాగం అనుకోండి. మనిషి తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. మొదట నొప్పి తెలియదు, సాయంత్రానికి పుళ్ళు పడతాయి. రబ్బరు గ్లౌజులు, బూట్లు ఇప్పించండి. మోకాళ్ళ మీద కూర్చుని తాపీ పట్టేవాళ్ళకు కింద పలక వేయించండి. కంట్లో పడితే రుద్దకుండా ధారగా నీళ్ళు పోస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కాంక్రీటు కలిపే మిల్లరు వైరుకు అతుకులు ఉండకూడదు, తడిలో పడి ఉండకూడదు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను నుంచే కరెంటు తీసుకోవాలి. గీతలను కటింగ్ మిషనుతో కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ కోయాలి. ఆ తెల్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు.

మే చివర్లో సాయంత్రాలు ఉన్నట్టుండి గాలిదుమారం, వడగళ్ళ వాన వస్తాయి. పట్టాలు, వాటిమీద పెట్టడానికి బరువులు దగ్గర పెట్టుకోకుండా పని మొదలుపెట్టకండి. పచ్చిగా ఉండగా వాన పడి పైన సిమెంటు కొట్టుకుపోయి కంకర తేలితే, పైన పూత పూసి దాచకండి. ఆ ముక్క వరకు తీసి మళ్ళీ పోయించండి.

మూడు రోజులకు మెల్లగా నడవచ్చు. కారును నాలుగు వారాల దాకా ఎక్కించకండి. మొదటి పెద్ద వాన కురిసే రోజు గొడుగు వేసుకుని చుట్టూ ఒకసారి తిరగండి. నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో, గోడ సందులోకి ఎక్కడ దిగుతున్నాయో చూసి, వాన వెలిశాక సుద్దముక్కతో గుర్తు పెట్టి, మేస్త్రిని అప్పుడే పిలవండి.