పెరటి పెట్టలు ఎక్కువ గుడ్లు పెట్టేలా చూసుకోవడం ఎలా?

తణుకు, అనపర్తి చుట్టుపక్కల పంజరాల షెడ్లలో తెల్ల లెగ్‌హార్న్ జాతి పెట్ట ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుండగా, అదే డెల్టాలో కొబ్బరితోటలో తిరిగే నాటు పెట్ట 60, 70 గుడ్లతో ఆగిపోతుంది. ఈ తేడాకు కారణం దాణా ఒక్కటే అనుకుని చాలామంది ఖర్చు పెంచుతారు. నిజానికి పెట్ట పుట్టుకతో తెచ్చుకున్న జన్యువులు, దాని శరీరానికి అందే వెలుతురు, పెంకుకు కావలసిన కాల్షియం దొరికే వేళ, ఈ మూడూ కలిసి గుడ్ల సంఖ్యను నిర్ణయిస్తాయి. కాబట్టి పనిని లెక్కతో మొదలుపెట్టి, వెలుతురు, మేత, నీరు సరిచేసుకుని, ఆ తరువాతే జాతి మార్పు గురించి ఆలోచించడం మంచిది.

1. ముందు ఏ పెట్ట ఎన్ని పెడుతోందో రాసుకోవాలి

ఒక్కొక్క పెట్ట కాలికి ఒక్కో రంగు ప్లాస్టిక్ రింగు తొడిగి, గుడ్డు దొరికిన తేదీని, వేళను నోటు పుస్తకంలో రాయాలి. వేళ రాయడానికి కారణం ఉంది. సొన అండాశయం నుంచి విడివడి అండవాహికలోకి వచ్చాక, దాని చుట్టూ తెల్లసొన చేరడానికి సుమారు 3 గంటలు, పలుచని పొరలు ఏర్పడడానికి గంటకు కాస్త పైన, పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడతాయి. మొత్తం 24 నుంచి 26 గంటలు. గుడ్డు పెట్టిన అరగంటకు గాని తరువాతి సొన విడుదల కాదు కనుక, ఈ రోజు ఉదయం 7 గంటలకు పెట్టిన పెట్ట రేపు 8కి, ఎల్లుండి 9కి పెడుతుంది. సొన విడుదలకు పురమాయించే హార్మోను రాత్రివేళ కొద్ది గంటలలోనే ఉప్పొంగుతుంది. వేళ జరిగి జరిగి ఆ గడువు దాటిపోయిన నాడు పెట్ట ఒక రోజు ఆగి, మళ్ళీ పొద్దున్నే మొదలుపెడుతుంది.

అందువల్ల వరుసగా నాలుగైదు రోజులు పెట్టి ఒక రోజు మానేసిన పెట్టకు జబ్బు చేసిందని కంగారుపడవలసిన పని లేదు. రెండు రోజులకొకసారి పెట్టే పెట్టకు సొన నుంచి గుడ్డు వరకు పట్టే వ్యవధి ఎక్కువ. అది చాలావరకు పుట్టుకతో వచ్చిన లక్షణం. నెల రోజుల పుస్తకం చూస్తే ఈ రెండు రకాలూ విడివిడిగా కనబడతాయి.

2. రాత్రి పూట చేత్తో పట్టి చూడాలి

పుస్తకంలో రాసినది నిజమో కాదో పెట్ట ఒంటిమీద సరిచూసుకోవచ్చు. చీకటి పడి గూటిలో సర్దుకున్న తరువాత పెట్టను మెల్లగా ఎత్తి, తల మన చంక వైపు ఉండేలా ఎడమ చేతిమీద పడుకోబెట్టాలి. తోక కింద, మలద్వారానికి రెండు పక్కలా సన్నని కటి ఎముకల మొనలు తగులుతాయి. ఆ రెంటి నడుమ రెండు, మూడు వేళ్ళు పట్టి, ఆ మొనలు పలుచగా, వంగేలా ఉంటే పెట్ట గుడ్ల మీద ఉన్నట్టు. ఒక్క వేలు కూడా పట్టక, మొనలు గట్టిగా తగిలితే అది పెట్టడం లేదు. మలద్వారం వెడల్పుగా, తడిగా ఉండడం, జుట్టు ఎర్రగా నిండుగా ఉండడం కూడా ఆనవాళ్ళే. పసుపు కాళ్ళ పెట్టలలో మరొక గుర్తు ఉంది: గుడ్లు పెడుతున్నకొద్దీ ఒంటిలోని పసుపు రంగు సొనలోకి పోయి మొదట మలద్వారం చుట్టూ, తరువాత కంటి అంచు, ముక్కు, చివరకు కాళ్ళు తెల్లబోతాయి. కాళ్ళు పాలిపోయిన పెట్టను చూసి నీరసించిందని అమ్మేసేవారున్నారు. ఆ గుంపులో బాగా పెట్టినది చాలాసార్లు అదే.

3. చలికాలంలో వెలుతురు పెంచాలి

కోడి పగటి నిడివిని కంటితోనే కాదు, పుర్రె గుండా మెదడు లోపలికి చేరే వెలుతురుతోనూ గ్రహిస్తుంది. పగలు పొడవైనప్పుడు మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి విడుదలయ్యే హార్మోన్లు అండాశయాన్ని మేల్కొలుపుతాయి. అడవికోడి ఏడాదిలో ఒక్క రుతువులో పది పదిహేను గుడ్లు పెట్టి ఊరుకుంటుంది. రుతువులతో సంబంధం ఉందని భావించే టీఎస్‌హెచ్‌ఆర్ అనే జన్యువు, మనుషులు పెంచే కోళ్ళలో దాదాపు అన్నిటిలోనూ మారిన రూపంలో ఉందని 2010లో వెలువడిన పరిశోధన చూపింది. అలా రుతువుల పట్టు సడలినా, పూర్తిగా పోలేదు.

గోదావరి డెల్టాలో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు సుమారు 13 గంటలు. పెట్టకు కావలసినది 14 నుంచి 16 గంటలు. అంటే ధనుర్మాసంలో గుడ్లు తగ్గడం వింత కాదు. గూటిలో చిన్న ఎల్ఈడీ బల్బు ఒకటి పెట్టి, తెల్లవారుజామున వెలిగించడం మేలు. సాయంత్రం వెలిగిస్తే దాన్ని ఆర్పగానే కోళ్ళు చీకట్లో గూటి కర్ర అందక తడబడతాయి. ఒక్కసారిగా మూడు నాలుగు గంటలు పెంచకుండా వారానికి అరగంట చొప్పున పెంచుతూ పోవాలి. ఒకసారి పెంచాక మధ్యలో తగ్గించకూడదు, ఎందుకంటే తగ్గే వెలుతురు ఈకలు రాల్చే కాలం వచ్చిందని పెట్టకు తెలియజేస్తుంది. ఎదిగే పడ్డలకు (ఇంకా గుడ్లకు రాని పెట్టలకు) మాత్రం 18 వారాలు నిండేవరకు ఈ అదనపు వెలుతురు ఇవ్వకూడదు. ఒళ్ళు ఎదగకుండానే గుడ్లకొస్తే చిన్న గుడ్లు, కొన్నిటిలో అండవాహిక బయటకు జారడం వంటి ఇబ్బందులు వస్తాయి.

4. గుల్ల సాయంత్రం పెట్టాలి

ఒక పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెట్ట రక్తంలో ఒక సమయంలో ఉండేది కొన్ని పదుల మిల్లీగ్రాములే కనుక, రాత్రంతా పేగు నుంచి, ఎముకలలోని ప్రత్యేక నిల్వ నుంచి అది తెచ్చుకుంటూ ఉండాలి. పెంకు కట్టే పని ఎక్కువగా చీకట్లోనే జరుగుతుంది. ఆ వేళకు పేగులో కాల్షియం లేకపోతే ఎముక అరుగుతుంది, పెంకు పలచబడుతుంది, తోలుగుడ్లు వస్తాయి.

ఆల్చిప్పలనో నత్తగుల్లలనో కడిగి, ఎండబెట్టి, 2 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్కలుగా దంచి, మేతలో కలపకుండా వేరే చిప్పలో సాయంత్రం నాలుగు గంటలకు పెట్టాలి. పొడి అయితే తొందరగా బయటకు పోతుంది. ముక్కలు కందనకాయలో నిలిచి రాత్రంతా కరుగుతాయి. ఆ చిప్ప దగ్గర కాసేపు నిలబడి చూడడం మంచిది. కడుపులో గుడ్డు తయారవుతున్న పెట్ట నేరుగా వచ్చి గుల్ల ముక్కలు ఏరుకుంటుంది, పుంజూ పడ్డలూ ఒకటి రెండు పొడిచి వదిలేస్తాయి. కాల్చిన గుల్లసున్నం మాత్రం పెట్టకూడదు, అది నోటిని, అన్నవాహికను కాలుస్తుంది.

మన ఇళ్ళలో మేత అంటే నూకలు, తవుడు. తవుడులోని భాస్వరం ఎక్కువ భాగం కాల్షియాన్ని పట్టి ఉంచే రూపంలో ఉంటుంది కనుక తవుడు మీదే ఆధారపడితే గుల్ల పెట్టినా ఫలితం తగ్గుతుంది. మాంసకృత్తుల కోసం ఉప్పు వేయని ఎండు చేపల పొడి, వేరుశనగ పిండి, సోయా పిండి కొంత చేర్చాలి. వానాకాలంలో బూజు పట్టిన పిండిని, మొక్కజొన్నను పారేయాలి. బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, సొనకు కావలసిన పదార్థాలు తయారయ్యేది కాలేయంలోనే. సొన చివరి 7 నుంచి 10 రోజులలోనే వేగంగా పెరుగుతుంది కాబట్టి మేత మార్చిన ఫలితం పది రోజుల తరువాతే కనిపిస్తుందని గుర్తుంచుకుని, మూడో రోజుకే మళ్ళీ మార్చకూడదు.

5. ఎండాకాలం, ఉప్పునీరు

కోడికి చెమట పట్టదు, రొప్పుతుంది. రొప్పినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు పోయి, పెంకుకు కావలసిన కార్బొనేట్ తగ్గుతుంది. మే నెలలో గుల్ల ఎంత పెట్టినా పెంకు పలచబడేది అందుకే. నీడ, గాలి, చల్లని నీళ్ళు ఉంచి, మేతను తెల్లవారుజామునా పొద్దు వాలాకా పెట్టాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళు పెంకు నాణ్యతను చెడగొడతాయి కనుక మనుషులు తాగే నీళ్ళే కోళ్ళకూ పెట్టాలి.

6. పొదుగుకు వచ్చిన పెట్టను ఏం చేయాలి?

పొదుగుకు కూర్చున్న పెట్టలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి అండాశయం ముడుచుకుపోతుంది. పిల్లలు కావాలంటే 21 రోజులు కూర్చోనివ్వాలి. గుడ్లే కావాలంటే, కింద నుంచి గాలి ఆడే వెదురు బద్దల బోనులో, వెలుతురులో, మేత నీళ్ళతో మూడు నాలుగు రోజులు ఉంచితే పొదుగు వదులుతుంది. నీళ్ళలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం క్రూరం, అనవసరం. ఒకటి రెండు నాటు పెట్టలను పొదగడానికే కేటాయించి, మిగతావాటిని గుడ్లకు ఉంచుకోవడం పెరట్లో అన్నిటికన్నా అనువైన ఏర్పాటు.

7. పుంజును దాని తల్లిని చూసి ఎంచుకోవాలి

మన ప్రాంతంలో పుంజును డేగ, కాకి, నెమలి అని రంగు చూసి, సంక్రాంతి బరిని దృష్టిలో పెట్టుకుని ఎంచుతారు. అసీల్ జాతి గొప్పదే, కాని శతాబ్దాలుగా దాన్ని ఎంచింది పోరాటానికి. గుడ్లు తక్కువ, పొదుగు బుద్ధి ఎక్కువ. అటువంటి పుంజును గుడ్ల మందలో వదిలితే కూతుళ్ళలో గుడ్లు తగ్గుతాయి. గుడ్డు పెట్టకపోయినా ఆ గుణానికి సంబంధించిన జన్యువులు పుంజులోనూ ఉంటాయి. పైగా కోళ్ళలో పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. పెట్ట తన జెడ్ క్రోమోజోమును తండ్రి నుంచే పొందుతుంది.

గుడ్ల సంఖ్యకు అనువంశికత (పెట్టకూ పెట్టకూ ఉన్న తేడాలో పుట్టుకతో వచ్చిన వంతు) తక్కువ, సుమారు 0.1 నుంచి 0.3. గుడ్డు బరువుకు అది 0.5 దాకా ఉంటుంది. అంటే ఒక్క పెట్ట ఈ ఏడాది ఎక్కువ పెట్టిందన్న దానిలో పెంపకం వంతే పెద్దది. అందుచేత ఒక్క పెట్టను కాక, అక్కచెల్లెళ్ళందరి సగటును పుస్తకంలో చూసి, అందరూ బాగా పెట్టిన కుటుంబం నుంచి పుంజును తీసుకోవాలి. పెద్ద గుడ్లనే ఏరి పొదిగిస్తూ పోతే తరతరానికి సంఖ్య తగ్గుతుంది, ఎందుకంటే ఈ రెండు గుణాలూ ఎదురెదురు దిశలలో లాగుతాయి. పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఏడాది, రెండేళ్ళకొకసారి వేరే ఊరి నుంచి పుంజును మార్చాలి. అన్నాచెల్లెళ్ళ కలయికవల్ల గుడ్లూ, పొదిగే శాతమూ పడిపోతాయి.

హైదరాబాదులోని రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ పెట్టలు పెరట్లో కూడా ఏడాదికి 150కి పైగా పెడతాయి. వనరాజ మాంసానికీ గుడ్లకూ కలిపి ఉద్దేశించినది. ఇవి వేరువేరు వంశాలను కలిపి చేసినవి కనుక, వాటి గుడ్లనే పొదిగిస్తే పిల్లలు తల్లితో సమానంగా పెట్టవు. ప్రతి విడతకు పిల్లలను కొత్తగా తెచ్చుకుని, కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా పశువైద్యుని సలహాతో వేయించి, నాటు పెట్ట కింద పెంచుకోవాలి. పాత పెట్టలలో ఏవి ఉంచాలో తేల్చడానికి ఈకలు రాల్చే కాలం పనికొస్తుంది: ముందుగా రాల్చడం మొదలుపెట్టి నెలల తరబడి సాగదీసేవాటిని అమ్మేసి, ఆలస్యంగా మొదలుపెట్టి ఈకలన్నీ గబగబా రాల్చి తిరిగి గుడ్లకొచ్చేవాటిని వచ్చే ఏటికి ఉంచుకోవాలి.